మిల్లు విలువ యంత్రములో లేదు



ప్రొద్దుటూరులో బంగారము కొనువాడు అమ్మువాని మాట నమ్మి ఊరుకొనడు. గీటురాయి మీద గీచి చూచుకొనును. ఆ బంగారము ఎవరి చేతిలో నున్నను దాని విలువ దానిదే. మీ నూనె మిల్లుకుగాని, పత్తి జిన్నింగు మిల్లుకుగాని, అరటికాయల ప్యాకింగు షెడ్డుకుగాని ఇట్టి విలువ ఉన్నదా? మీరు ప్రక్కకు తప్పుకొనిన మరునాడు అది ఎంత పలుకును? అమ్మదలచినవారే కాదు, అప్పు కోరువారును, బిడ్డలకు అప్పగింపదలచినవారును ఈ ప్రశ్న వేసికొనవలెను.

మన ప్రాంతమునకు సరకు కొరత లేదు. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ, పత్తి పండును. పులివెందుల తోటలలో చీనీ, అరటి పండును. 2016లో నంద్యాల–యర్రగుంట్ల రైలుమార్గము ప్రారంభమై ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు రైలు వచ్చినది. అయినను యజమాని మంచము పట్టగానే మిల్లు మూతపడి, యంత్రములు పాత ఇనుము ధరకు పోవుట కద్దు. అప్పుడు ఆ కుటుంబమే కాదు, అందు పనిచేయు కూలీలును, దగ్గరలో సరకు అమ్ముకొను రైతులును నష్టపోవుదురు.

కొనువాడు గోడలను చూచి ధర కట్టడు. ముందు ముందు ఏమి మిగులునో చూచును. ఒక మిల్లులో ఏటా 6 లక్షల రూపాయలు మిగులుచున్నవనుకొనుడు. నాలుగేండ్లలో పెట్టుబడి తిరిగి రావలెనని కోరువాడు 24 లక్షలు ఇచ్చును. వృథా తగ్గించి ఏటా మరొక లక్ష మిగిల్చినచో, విలువ 4 లక్షలు పెరుగును. అయితే ఆ 6 లక్షలలో మీరును, మీ కుమారుడును చేసిన పనికి జీతము తీసివేసితిరా? సొంత షెడ్డుకు బాడుగ కట్టితిరా? ఇవి పోగా 2 లక్షలే మిగిలినచో విలువ 8 లక్షలే.

విలువ పెంచుటకు నాలుగు పనులు ముఖ్యము.

మొదటిది ఖాతా. ఇంటి ఖర్చును, వ్యాపారపు ఖర్చును ఒకే పెట్టెలో నుండి తీయరాదు. వసూలు కాని బాకీలను ఆస్తిగా లెక్కించరాదు. “లెక్క చూపిన పన్ను పెరుగును గదా” అని కొందరు అందురు. పన్ను చట్ట ప్రకారము కట్టవలసినదే. అదియునుగాక, దాచిన లాభమును బ్యాంకు నమ్మదు, కొనువాడు నమ్మడు. లక్ష దాచినవాడు పై లెక్క ప్రకారము 4 లక్షల విలువ పోగొట్టుకొనును.

రెండవది మనిషి. సరకు చూచి ధర కట్టుట, యంత్రము బాగుచేయుట, వర్తకులతో మాట్లాడుట యజమానికే తెలిసినచో, అతనికి జ్వరము వచ్చిన దినమున వ్యాపారము ఆగిపోవును. కొడుకుకో, కూతురికో, కోడలికో, నమ్మకమైన గుమాస్తాకో నెల దినములు తాళపుచెవులు ఇచ్చి చూడుడు. పని ఎచ్చట ఆగునో అచ్చట నేర్పవలెను.

మూడవది నాణ్యము. గెలను నేలమీద ఈడ్చిన మచ్చ దూరపు మార్కెట్టు చేరునప్పటికి నల్లబడును. హస్తములుగా కోసి, కడిగి, పెట్టెలలో సర్ది, 13–14 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనములో పంపినచో కాయ చెడదు, షెడ్డు పేరు నిలుచును. వేరుశనగ కాయలను తేమ 8–9 శాతమునకు దిగువరకు ఎండబెట్టక నిలువచేసినచో బూజు పట్టి అఫ్లటాక్సిన్ అను విషము పుట్టవచ్చును. సరకంతయు ఒకే వర్తకునికి ఇచ్చుటయు మంచిది కాదు. అతడు మానుకొనిన దినమున మీ షెడ్డు ఖాళీ యగును. కనీసము ముగ్గురితో వ్యవహారము పెట్టుకొనుడు.

నాలుగవది కాగితము. అన్నదమ్ములు నోటిమాటపై మిల్లు నడుపుట మనలో వాడుక. 1932 నాటి భాగస్వామ్య చట్టము ప్రకారము, ఒప్పందములో వేరుగా వ్రాసికొననిచో భాగస్వామి మరణముతో ఆ సంస్థ రద్దగును. రిజిష్టరు కాని సంస్థ తన ఒప్పందముల మీద బయటివారిపై సాధారణముగా దావా వేయజాలదు. కావున నేడే వ్రాసి రిజిష్టరు చేయించుకొనవలెను. స్థలము ఇంకను తాతగారి పేరనే యున్నచో మార్పించుకొనవలెను. ఇందు గ్రామాధికారుల సాయము ఎంతయో అవసరము. మీ సరకు గుర్తును 1999 ట్రేడుమార్కుల చట్టము క్రింద రిజిష్టరు చేసినచో 10 ఏండ్లు చెల్లును. తరువాత మరల పొడిగించుకొనవచ్చును.

మిగులు కనిపించగానే క్రొత్త యంత్రము కొనుటకు మనము తొందరపడుదుము. నా అభిప్రాయములో అది తరువాతి పని. ఈ నాలుగింటికి ఖర్చు స్వల్పము, కావలసినది పట్టుదల. ఏప్రిల్ 1తో లెక్కల సంవత్సరము మొదలగును. ఉగాదియు ఇంచుమించు ఆ దినములలోనే వచ్చును. ఈసారి ఇంటికొక ఖాతా పుస్తకము, మిల్లుకు వేరొక ఖాతా పుస్తకము తెరచి పని ప్రారంభింపుడు.