ఉక్రోషం, అలక, బెంగ

రెండు నుంచి అయిదేళ్ల పిల్లల్లో ఉన్నట్టుండి ముంచుకొచ్చే ఏడుపును, నేల మీద పడి దొర్లే మారాన్ని పెద్దలు మొండితనం కింద జమకడతారు. చాలాసార్లు అది మొండితనం కాదు. కోపాన్ని ఆపుకునే శక్తి మెదడు ముందుభాగానిది. ఆ భాగం పూర్తిగా ఎదిగేసరికి ఇరవై ఏళ్లు దాటుతాయి. మూడేళ్ల పిల్లకు కోపం పెద్దవాళ్లంత వస్తుంది, పగ్గం మాత్రం ఇంకా చేతికి రాలేదు.

అమెరికా పరిశోధకులు మైకేల్ పొటేగల్, రిచర్డ్ డేవిడ్‌సన్ 2003లో ఇలాంటి మారాలను విశ్లేషిస్తే, నాలుగింట మూడు వంతులు అయిదు నిమిషాల్లోపే ముగిశాయి. కోపం మొదట్లోనే భగ్గుమని తగ్గిపోతుంది, దుఃఖం చివరిదాకా ఉంటుంది. కోపం మండుతున్నప్పుడు ఎంత నచ్చజెప్పినా చెవికెక్కదు. దెబ్బ తగలకుండా చూస్తూ పక్కన కూర్చుంటే చాలు. వెక్కిళ్లు మొదలయ్యాక పిల్లకు కావలసింది ఒడి. అయితే కాదన్న చాక్లెట్‌ను ఆ ఒడిలో ఇవ్వకూడదు.

ఈ ఏడుపులన్నీ ఒకటి కావని తెలుగుకు ఎప్పుడో తెలుసు. చెప్పు తొడుక్కోవడం చేతకాక వచ్చేది ఉక్రోషం. తన మాట చెల్లలేదని వచ్చేది అలక. దగ్గరివాళ్లు కనబడక వచ్చేది బెంగ. ఉక్రోషానికి చిన్న సాయం, అలకకు కాస్త వ్యవధి, బెంగకు మనిషి కావాలి. ‘నీకు ఉక్రోషం వచ్చింది కదూ’ అని పెద్దలు పేరుపెట్టి చెబుతూ ఉంటే, కొన్నాళ్లకు పిల్లలు కాళ్లు తన్నుకునే బదులు ఆ మాట వాడతారు.

బెంగళూరు మహదేవపురలో ఈ పేర్ల అవసరం మరీ ఎక్కువ. ఐటీపీఎల్ టెక్ పార్కు, ఔటర్ రింగ్ రోడ్డు కంపెనీల్లో పనిచేసే తెలుగు కుటుంబాల పిల్లలకు ఇంట్లో తెలుగు, ఆయాతో కన్నడం, అపార్ట్‌మెంట్ ఆటస్థలంలో హిందీ, ప్లేస్కూల్లో ఇంగ్లీషు. ఇన్ని భాషలు వినడం వల్ల హాని లేదు. కాకపోతే కొత్తగా చేరిన పిల్లకు బొమ్మ లాక్కున్నారని చెప్పే ఇంగ్లీషు మాట రాదు. పగలంతా బిగబట్టిన ఏడుపు సాయంత్రం అమ్మను చూడగానే కట్ట తెంచుకుంటుంది. స్కూల్లో బంగారం, ఇంట్లోనే పేచీ అన్న ఫిర్యాదుకు కారణం ఇదే. ఇల్లు భద్రమని పిల్లకు తెలుసు.

ఇక్కడి బెంగకు ఇంకో మూలం ఉంది. సాయానికి వచ్చిన అమ్మమ్మో నానమ్మో కొన్ని నెలలుండి ఊరికి వెళ్లిపోతుంది. ఏడుస్తుందని పిల్ల నిద్రలో ఉండగా బస్సెక్కుతుంది. ప్రేమతో చేసే పనే, కానీ తప్పు. నిద్ర లేచేసరికి మనిషి మాయమవుతుందని నేర్చుకున్న పిల్ల మర్నాటి నుంచి నిద్రకే మొరాయిస్తుంది. రెండు రోజుల ముందే చెప్పి, ఎదుట ఏడవనిచ్చి, చేయి ఊపి వెళ్లడమే మేలు.

నిద్ర చాలకపోయినా పేచీ పెరుగుతుంది. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని, స్క్రీన్ గంటకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. టిన్ ఫ్యాక్టరీ కూడలి ట్రాఫిక్ దాటి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరే నాన్న కోసం పదకొండు దాకా మేలుకుని, ఏడింటికి లేచే పిల్లకు రాత్రి దక్కేది ఎనిమిది గంటలే. ఏడుపు మాన్పడానికి ఫోన్ ఇవ్వడం ఆ పూటకు గట్టెక్కిస్తుంది. కానీ అలా తరచూ ఊరుకోబెట్టిన మూడు నుంచి అయిదేళ్ల పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, తర్వాతి నెలల్లో ఉద్రేకం ఎక్కువగా కనిపించిందని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో తెలిపారు. బూచాడు, పోలీసు, సూది పేరుతో బెదిరిస్తే ఏడుపుకు భయం తోడవుతుంది, అంతే.

మారాం తరచూ అరగంట సాగినా, రోజుకు చాలాసార్లు వచ్చినా, పిల్ల తనను తాను గాయపరచుకుంటున్నా డాక్టరుకు చూపించాలి. ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలంగా మారే పిల్లలకు రక్తంలో ఇనుము పరీక్ష చేయించాలి. ఇనుము లోపం ఈ లక్షణాన్ని పెంచుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. బెంగళూరులోనే ఉన్న జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు (14416) ఫోన్ చేస్తే సలహా ఉచితం.