చేతిగీత బొమ్మయా, కంప్యూటరు ప్రతిమయా?

గత మాసమున మన సంఘ కార్యవర్గ సమావేశములో ఒక చిన్న విషయముపై పెద్ద చర్చ జరిగినది. వేసవి సెలవులలో మన పిల్లలకు ఏటేట నడుపుచున్న చిత్రలేఖన తరగతిని ఈ ఏడు నిలిపివేసి, ఆ సొమ్ముతో కంప్యూటరుపై త్రీడీ బొమ్మలు చేయుట నేర్పింపవలెనని కొందరు సభ్యులు ప్రతిపాదించిరి. "ఇప్పుడు పిల్లలు ఆడే ఆటలన్నీ త్రీడీయే. పెన్సిలు పట్టుకుని ఏం బావుకుంటారండీ?" అని ఒక పెద్దమనిషి సూటిగా అడిగిరి. ఆనాడు మేము తగిన సమాధానము చెప్పలేకపోయితిమి. బరంపురములో బట్టల దుకాణము నడుపుకొను మాకు చిత్రకళాపాండిత్యము లేదు. చదువు మెట్రిక్యులేషనుతోనే ముగిసినది. కాని సాహసకథల వీడియో ఆటలను యౌవనమున మేమును ఆడితిమి. నేడు మా యింటి పిల్లల ప్రక్కన కూర్చుండి చూచుచున్నాము. ఆ ఆటల చరిత్రలోనే ఈ ప్రశ్నకు సమాధానము కలదని మా నమ్మకము.

ఈ జాతి ఆటలలో తుపాకి పేల్చుటయు, బండి పరుగెత్తించుటయు ముఖ్యము కావు. కథానాయకుడు ఊరూర తిరిగి, ఎదురైనవారితో మాటలాడి, దొరికిన వస్తువును సమయమునకు వాడి, చిక్కుముడి విప్పవలెను. ఆడువాడు గంటల తరబడి ఆ మనిషినే చూచుచు, అతని మాటలనే వినుచు ఉండును. నాటకములో వేషము చెడినచో పద్యమెంత బాగున్నను రక్తి కట్టనట్లే, ఇచ్చట బొమ్మ చెడినచో కథ నిలువదు.

1990లో అమెరికాలోని లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ వారు 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్' అను ఆటను వెలువరించిరి. అందలి నాయకుడు ఓడదొంగ కావలెనని ఉవ్విళ్లూరు గైబ్రష్ త్రీప్‌వుడ్. పేరు నిశ్చయము కాకమునుపు అతనిని అందరు 'గై', అనగా కుర్రవాడు, అని పిలుచుచుండిరట. చిత్రకారుడు స్టీవ్ పర్సెల్ కంప్యూటరులో దాచిన బొమ్మ పేరున ఆ మాటకు 'బ్రష్' అను మాట చేరినది. రెండును కలిసి గైబ్రష్ అయినవి. అనగా చిత్రకారుని కుంచె నాయకుని పేరులోనే నిలిచిపోయినది. 1997లో వచ్చిన మూడవ ఆట 'ది కర్స్ ఆఫ్ మంకీ ఐలండ్'లో బొమ్మలను కార్టూను సినిమా వలె చేతితో గీచిరి. 2000లో వచ్చిన నాలుగవ ఆట మాత్రము త్రీడీలోనికి మారినది.

ఈ మార్పునకు కారణము మా వంటి వర్తకులకు సులభముగ బోధపడును. శ్రీకాళహస్తి కలంకారీలో ప్రతి వస్త్రముపైనను కలముతో గీత గీయవలసినదే. పెడన అద్దకములో చెక్క అచ్చును చెక్కించుటకు మొదట ఖర్చగును గాని, పిదప అదే అచ్చును ఎన్ని మారులైనను వేయవచ్చును. ఆటలలోని భేదమును ఇట్టిదే. చేతిగీతలో నాయకుడు ప్రక్కకు నడచుటకు ఒక బొమ్మల వరుస, మనవైపు వచ్చుటకు మరియొక వరుస, వంగి తాళపుచెవి తీయుటకు ఇంకొక వరుస గీయవలెను. కార్టూను సినిమాలో సెకనుకు 24 చట్రములు తిరుగును. ఆటలో అంతకు తక్కువతో సరిపెట్టినను పని కొండంత. త్రీడీలోనైతే ఒకమారు ప్రతిమను నిర్మించి, లోపల ఎముకల గూడు వంటిది అమర్చినచో, దానిని ఏ ప్రక్కనుండియైనను చూపవచ్చును. ఒకని నడకను మరియొకనికి తొడుగవచ్చును. లాభనష్టములు చూచుకొనువారు దీనికి మొగ్గుటలో తప్పు లేదు.

తప్పు తొందరలో ఉన్నది. ఆనాటి కంప్యూటరులు కొద్దిపాటి పలకలతో అతికిన ప్రతిమలను మాత్రమే మోయగలిగినవి. వ్రేళ్లు విడివడక చేతులు గరిటెలవలె ఉండెడివి. ముఖములలో నవ్వునకును ఏడుపునకును భేదము తెలియుట కష్టము. ఇంగ్లండులోని యార్క్ నగరమునకు చెందిన రివల్యూషన్ సంస్థవారి 'బ్రోకెన్ స్వోర్డ్' కథయు ఇట్లే నడచినది. 1996లో వచ్చిన మొదటి భాగమునకు డాన్ బ్లూత్ కార్టూను చిత్రశాలలో పనిచేసిన కళాకారులు పారిస్ వీధులను పెన్సిలుతో గీచిరి. ఆ గీతలకు కంప్యూటరులో రంగులద్దిరి. 2003లో మూడవ భాగము త్రీడీలో వచ్చినది. నాయకుడు పెట్టెలు నెట్టుటయే పనిగా పెట్టుకొన్నాడని ఆడినవారు విసుగుకొనిరి. మొదటి భాగమును నేడు తెరచినను కన్నులకు ఇంపుగానే ఉన్నది. మూడవదానిని చూచినప్పుడు ఆనాటి యంత్రము యొక్క పేదరికమే ముందు కనబడును.

అట్లని త్రీడీ పనికిమాలినదని మేము చెప్పబోము. 1998లో టిమ్ షేఫర్ ఆధ్వర్యమున వచ్చిన 'గ్రిమ్ ఫండాంగో' దీనికి ఎదురు సాక్ష్యము. అది మృతుల లోకమున జరుగు కథ. మెక్సికో దేశమున పితృదేవతల పండుగకు కాగితపు గుజ్జుతో చేయు అస్థిపంజరపు బొమ్మలను చూచి అందలి పాత్రలను మలచిరి. ఆ బొమ్మలు సహజముగనే బిగువైనవి. ముఖముపై కన్నులు, పండ్లు గీతలుగా వేసినవి. యంత్రము ఇచ్చిన బిగువు కథ కోరిన బిగువుతో సరిపోయినది. మనిషిని చేయలేని యంత్రముతో బొమ్మనే చేయించిరి. అదియే వివేకము.

ఈ వివేకము మనకు క్రొత్తది కాదు. మనము రెండు సంప్రదాయముల నడుమ పెరిగినవారము. మన పూర్వుల తోలుబొమ్మకు రంగులు కలవు; భుజము, మోచేయి, మోకాలు అన్నియు కదలును. ఇచ్చటి ఒడియావారి రావణఛాయలో బొమ్మకు రంగు లేదు, కీలు లేదు; ఒకే తోలుముక్క, దాని నల్లని నీడ. ఇదే ఒడిశాలో కొయ్యతో చెక్కి దారములతో ఆడించు బొమ్మలును కలవు. వీనిలో ఏది గొప్పదని ఎవరును తగవులాడలేదు. నీడతో చెప్పవలసిన కథకు తోలు, నిండు రూపముతో చెప్పవలసిన కథకు కొయ్య.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును: "మీరు చిన్ననాడు చూచినది గనుకనే చేతిగీత మీకు ముద్దు" అని. ఇందులో కొంత నిజము కలదు. 2022లో మంకీ ఐలండ్ సృష్టికర్త రాన్ గిల్బర్ట్ 'రిటర్న్ టు మంకీ ఐలండ్'ను తెచ్చెను. అది త్రీడీ కాదు, చదునైన గీతయే. అయినను బొమ్మల తీరు పాతవానివలె లేదని కొందరు ఎంతటి దుర్భాషలాడిరనగా, ఆయన తన పుటలో పాఠకుల వ్యాఖ్యలనే మూసివేయవలసివచ్చెను. అట్టివారు కోరునది చేతిగీత కాదు, తమ బాల్యము. ఆ కోరికతో మన పిల్లల చదువును నిర్ణయింపరాదు. మేమును ఆ దోషమునకు అతీతులము కామని ఒప్పుకొనుచున్నాము.

అయినను రెండు ఆటలను సభ్యుల దృష్టికి తేవలసియున్నది. మొదటిది 2009లో చెక్ దేశపు అమనీటా డిజైన్ సంస్థ వెలువరించిన 'మెషినారియం'. ఇనుపతుక్కు ప్రపంచములో ఒక చిన్న యంత్రమనిషి కథ అది, చేతితో గీచినది. పాత్రలు మాటలాడవు, వాని తలంపులు బుడగలలో బొమ్మలుగా కనబడును. ఇంట తెలుగు, బడిలో ఆంగ్లము, వీధిలో ఒడియా మాటలాడు మా పిల్ల, తొమ్మిదేండ్లది, ఆ ఆటను ఎవరి సహాయము లేక ఆడినది. తరువాత పలకపై తానే ఆ బుడగలను గీచి వాళ్ల నానమ్మకు కథ చెప్పినది. భాష అడ్డుగోడగా నిలుచుట ఎరిగిన మన కుటుంబములకు, గీత ఆ గోడను దాటగలదని వేరుగ చెప్పనక్కరలేదు. త్రీడీ బొమ్మలతో ఆడినప్పుడు ఆ పిల్ల పెన్సిలు పట్టగా మేము చూడలేదు.

రెండవది పూనా నగరపు నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారు 2020లో తెచ్చిన 'రాజీ'. ఇది పోరాటములు గల ఆట. త్రీడీ ప్రతిమలు కలది. కాని ఆ ప్రతిమలపై రంగులను చేతితో వేసిరి. నడుమ కథ చెప్పు ఘట్టములను నీడబొమ్మలాట రీతిలో చూపిరి. అది చేసిన కళాకారులకు కంప్యూటరు మాత్రమే తెలిసియుండినచో, నీడబొమ్మ తలంపునకు వచ్చియుండునా?

కావున మా అభిప్రాయము ఇది. పోటీ చేతిగీతకును త్రీడీకిని కాదు; చూచు కన్నునకును చూడని కన్నునకును. ప్రతిమ నిర్మించువాడును మొదట మనిషిని ఎదుటినుండి, ప్రక్కనుండి కాగితముపై గీచుకొని చూచుకొనవలసినదే. భుజము ఎచ్చట మొదలై ఎచ్చట ఆగునో తెలియనివానికి ఏ యంత్రమును తెలుపలేదు. నేడు నేర్చిన సాఫ్టువేరు ఐదేండ్లకు పాతబడును. గీత పట్టిన చేయి ముసలితనము వరకు అక్కరకు వచ్చును.

చిత్రలేఖన తరగతిని నిలుపవలదని, దానిని ముగించిన పెద్దపిల్లలకు రెండవ మెట్టుగా త్రీడీ నేర్పుటకు వేరుగ చందా వసూలు చేయుదమని రానున్న సర్వసభ్య సమావేశములో ప్రతిపాదింపనున్నాము. ఆ చందాకు మొదటి సొమ్ము మా దుకాణమునుండి రాగలదు. భిన్నాభిప్రాయము గలవారు ఆనాడు తప్పక వచ్చి తమ మాట చెప్పవలెను. వచ్చునప్పుడు తమ పిల్లలు గీచిన బొమ్మ ఒక్కటి, ఎంత వంకరగా ఉన్నను సరే, వెంట తేవలెనని కోరుచున్నాము. వానిని సభ గోడకు అంటించి, వాని యెదుట ఓటు వేయుదము.