బొమ్మ సిపాయి గుండెధైర్యం

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా భోజనాల బల్లమీద యుద్ధం జరిగింది. సేనాపతులం ఇద్దరం: పన్నెండేళ్ల మా మేనల్లుడు ఒకడు, నేను ఒకణ్ణి. సైన్యాలంటారా, వాడు ఓపిగ్గా రంగులు వేసుకున్న వేలెడేసి బొమ్మ సిపాయిలు. దూరం కొలవడానికి టేపు, తగవు తీర్చడానికి పాచిక. ఈ వయసులో ఇదేం ఆట అని నవ్వేవారు నవ్వండి. నాకేం అభ్యంతరం లేదు.

వాడి దళంలో ఇరవైమంది. నా ఫిరంగులు ఐదుగురిని పడగొట్టాయి. పడినవాళ్లను వాడు బుద్ధిగా తీసి పక్కన పెట్టాడు. ఇంతవరకూ పేచీ లేదు. కాని నాలుగోవంతు మనుషులు పోయిన దళానికి ధైర్యపరీక్ష పెట్టాలని మా ఆటలో నియమం. పాచిక వేశాడు. ఒకటి పడింది! అంటే దళం మొత్తం వెన్ను చూపాలి.

"ఇదేం అన్యాయం మామయ్యా! ఇంకా పదిహేనుమంది వున్నారుగా? ఎందుకు పారిపోవాలి?" అన్నాడు కళ్లనీళ్లతో.

నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న చిన్నదేం కాదు. చదరంగంలో బంటును చూడండి. పక్కన ఏనుగు కూలినా, మంత్రి పోయినా బెదరదు. 1913లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' అనే పుస్తకం రాసి, బొమ్మ సిపాయిలతో యుద్ధం ఆడే పద్ధతి చెప్పాడు. అందులో ఆటఫిరంగి పేల్చిన కొయ్యముక్క తగిలి పడిన బొమ్మ చచ్చినట్టు లెక్క. నిలబడ్డ బొమ్మకు భయమంటూ లేదు. నిజం యుద్ధం ఎంత తెలివితక్కువదో ఆ పుస్తకం చివర వెల్స్ చెప్పకపోలేదు. మరుసటి ఏడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది.

తరువాత 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ అనే ఇంగ్లీషాయన 'వార్ గేమ్స్' రాశాడు. ఆయన రెండో ప్రపంచయుద్ధంలో టాంకుదళంలో పనిచేసినవాడు. ఆయన ఆటలో సిపాయి గుండెధైర్యానికీ లెక్క వుంది. చూసినవాడికి తెలుస్తుంది కదా!

నష్టాన్ని లెక్కపెట్టడం సులువు. విడి బొమ్మలైతే ఒక్కొక్కటే తీసేస్తారు. నాలుగైదు బొమ్మలు ఒకే పీటకు అతికించి వుంటే పక్కన చిన్న ఉంగరమో పాచికో పెడతారు. లేదా కాగితంమీద గీతలు గీసుకుంటారు. కాని ధైర్యాన్ని గీతలతో కొలవడం ఎలా? అందుకే ఎంతమంది పోయారు, నాయకుడు దగ్గర వున్నాడా, పక్కదళం నిలిచిందా పారిందా అని చూసి, ఆపైన పాచిక వేస్తారు. పాచిక ఎందుకంటే, ఏ గుండె ఎప్పుడు జారుతుందో సేనాపతికే తెలియదు గనక.

చరిత్రా అదే చెబుతుంది. 1565లో తళ్లికోట యుద్ధంలో అళియ రామరాయలు పట్టుబడి తల పోగొట్టుకోగానే విజయనగర సైన్యం చెదిరిపోయింది. ఎందరో ఇంకా బతికే వున్నారు, పోయింది ధైర్యం. 1815లో వాటర్లూ దగ్గర నెపోలియన్ స్వంత రక్షకదళం వెనక్కు తగ్గడం చూసి తక్కిన ఫ్రెంచి సైన్యం బెంబేలెత్తింది.

ఇదంతా మావాడికి చెప్పి, "ఐదుగురు పోయారని నువ్వు లెక్కపెట్టావు. మిగిలిన పదిహేనుమందీ ఆ ఐదుగురినీ కళ్లారా చూశారురా" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత గుర్రంమీది సేనాపతి బొమ్మను తీసుకెళ్లి, పారిపోతున్న దళం పక్కన పెట్టాడు. అందుకు పాచికమీద ఒకటి కలుస్తుంది. మళ్లీ వేశాడు. దళం ఆగింది. కాని వాడు వాళ్లను ముందుకు నడపలేదు.

"ఈ పూటకు వీళ్లను వెనకే వుండనీ మామయ్యా" అన్నాడు.

ఆట నేనే గెలిచాను. కాని సేనాపతి అనిపించుకున్నవాడు మాత్రం వాడే.