టానిక్కుతో తీరే జబ్బు కాదు

కుక్క చిగుళ్లు తెల్లబడితే మన వరంగల్‌లో వైద్యం చాలాసార్లు వంటింట్లోనే మొదలవుతుంది. "రక్తం తక్కువైనట్టుంది" అని ఒకరంటారు. ఐరన్ టానిక్ సీసా వస్తుంది. మేక కార్జం తెచ్చి, ఉల్లిగడ్డ వేసి వండి, అన్నంలో కలిపి పెడతారు. రెండు రోజులకు కళ్లు పచ్చబడితే కామెర్లని తేల్చి నేల ఉసిరి పసరు పోస్తారు. చివరికి కుక్క లేవలేని స్థితిలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన స్టెరాయిడ్ పేరెత్తగానే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. "అమ్మో, కిడ్నీలు పోతాయట కదా సార్!" పసరు మీద రాని అనుమానం ప్రిడ్నిసొలోన్ మాత్ర మీద వస్తుంది. భయపడాల్సిన చోట ధైర్యం, ధైర్యం చేయాల్సిన చోట భయం. ఈ తికమక వల్లే బతకగలిగిన కుక్కలు కొన్ని చచ్చిపోతున్నాయి.

ఇలాంటి కుక్కల్లో కొన్నిటిది ఆటో ఇమ్యూన్ హీమోలైటిక్ అనీమియా. అందులో ఒంట్లో రక్తం తయారుకాకపోవడం కాదు సమస్య. తయారైన ఎర్రకణాల మీద కుక్క సొంత రోగనిరోధక వ్యవస్థే పగబడుతుంది. యాంటీబాడీలు కణాలకు అంటుకుంటాయి. ప్లీహం, కాలేయం వాటిని పట్టి మింగేస్తాయి, కొన్ని రక్తనాళాల్లోనే పగిలిపోతాయి. ఎర్రకణాల శాతం ఆరోగ్యమైన కుక్కలో సుమారు 37 నుంచి 55 దాకా ఉంటుంది. ఈ జబ్బులో అది కొద్ది రోజుల్లోనే 15కో, ఇంకా కిందికో పడిపోవచ్చు. చిగుళ్లు తెల్లగా, కళ్లు పచ్చగా, మూత్రం డికాషన్ రంగులో కనిపించేది అందుకే. ఆ పసుపు చాలావరకు పగిలిన కణాల నుంచి వచ్చిన బిలిరుబిన్. కాలేయానికి మందు వేసి ఏం లాభం?

ఐరన్ సంగతీ అంతే. ప్లీహం మింగిన కణాల్లోని ఇనుము ఎక్కడికీ పోదు, ఒంట్లోనే ఉంటుంది. లేని లోపానికి టానిక్ ఎందుకు? ఆ టానిక్కుల్లో చాలావాటిలో ఉండే ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ మందుల కంపెనీ బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు ఎన్నో ప్రాణాలు నిలిపింది, లోపం వల్ల వచ్చిన రక్తహీనతలో. రక్తహీనతలన్నిటినీ ఒకే గాటన కట్టమని ఆయన చెప్పలేదు, మనమే కట్టుకున్నాం. ఇక కార్జం కూర. కార్జం వల్ల నష్టం లేదు, అందులో వేసిన ఉల్లిగడ్డతోనే ముప్పు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్కల ఎర్రకణాలను నేరుగా దెబ్బతీస్తాయి. రక్తం పట్టాలని ప్రేమగా పెట్టిన ముద్ద ఉన్న కొద్ది రక్తాన్నీ తగ్గిస్తుంది.

జబ్బును పసిగట్టడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. గాజు స్లయిడ్ మీద ఒక చుక్క రక్తం, నాలుగు చుక్కల సెలైన్ వేసి కలిపి, అటూ ఇటూ వంచి చూస్తారు. మామూలు రక్తమైతే పల్చబడి ఒకేలా పారుతుంది. ఈ జబ్బులో చాలాసార్లు ఎర్రటి ఇసుకలా గుంపులు కట్టి నిలుస్తుంది. మైక్రోస్కోప్ కింద పెడితే ఆ గుంపులు నిజంగా అంటుకున్నవో కాదో తేలుతుంది. గాజు మీద పల్చగా పూసిన రక్తంలో, అంటే స్మియర్‌లో, నడుమ తెల్లమచ్చ లేకుండా చిన్న గోళీల్లా కనిపించే స్ఫీరోసైట్లు రెండో సాక్ష్యం. మైక్రోస్కోప్ ఉన్న ఏ క్లినిక్కులోనైనా కుదిరే పని ఇది. మామునూరులో పశువైద్య కళాశాలే ఉంది. హైదరాబాద్ దాకా 145 కిలోమీటర్లు ఆయాసంతో ఉన్న కుక్కను కారులో వేసుకుని పరుగెత్తే ముందు ఈ ఒక్క పరీక్ష అడగండి.

స్టెరాయిడ్ మీద భయం పూర్తిగా అర్థంలేనిదని అనను. దుర్వినియోగం జరిగింది. కానీ ఎండాకాలం దురదకు సూది వేయించినప్పుడు అందులో ఏముందని అడగనివాళ్లు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం అడ్డం పడతారు. ఇక్కడ ప్రిడ్నిసొలోనే మొదటి మందు. కిలో బరువుకు రోజుకు 2 నుంచి 3 మిల్లీగ్రాములు మామూలు మోతాదు. పాతిక కిలోలు దాటిన కుక్కకు లెక్క కొంత తగ్గిస్తారు. భయపడి సగం మోతాదు వేస్తే నిరోధక వ్యవస్థ లొంగదు, దుష్ఫలితాలు మాత్రం మిగులుతాయి. కుక్క బిందెలకు బిందెలు నీళ్లు తాగుతుంది, ఇల్లంతా మూత్రం పోస్తుంది, ఆకలితో వెంటపడుతుంది, పొట్ట జారుతుంది. ఇవన్నీ నిజమే. మోతాదు తగ్గేకొద్దీ ఇవీ తగ్గుతాయి. జబ్బు తీవ్రంగా ఉన్నా, స్టెరాయిడ్‌కు లొంగకపోయినా అజాథయోప్రిన్, మైకోఫెనొలేట్, సైక్లోస్పోరిన్‌లలో ఒకటి తోడు చేస్తారు. అజాథయోప్రిన్ చవక, కానీ పని మొదలుపెట్టడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, కాలేయాన్ని గమనిస్తూ ఉండాలి. సైక్లోస్పోరిన్ ఖరీదు ఎక్కువ.

చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. ఈ కుక్కలు రక్తం లేక చనిపోతాయనే అనుకుంటాం. రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లో అడ్డుపడి చనిపోయేవీ చాలానే. మొదటి రెండు వారాలు ఈ గండం ఎక్కువ. అందుకే మనుషులకు గుండె జబ్బులో ఇచ్చే క్లోపిడోగ్రెల్‌నో, హెపారిన్‌నో మొదటి నుంచే జత చేయాలని 2019లో అమెరికా పశువైద్య నిపుణుల సంస్థ మార్గదర్శకాల్లో చెప్పారు. మీ చీటీలో అది లేకపోతే డాక్టరును అడగడం తప్పు కాదు.

ఇంకొక వాదన ఉంది, అది గట్టిది. "మన దగ్గర గోమార్ల జ్వరాలే ఎక్కువ, స్టెరాయిడ్ వేస్తే అవి ముదరవా?" సరైన ప్రశ్నే. గోమార్ల ద్వారా సోకే బబీసియా గిబ్సొనై అనే పరాన్నజీవిని ప్యాటన్ అనే పరిశోధకుడు 1910లో వర్ణించింది మద్రాసులోని వేట కుక్కల రక్తంలో చూసే. అది ఎర్రకణాల్లో దూరి, ఇదే జబ్బును రేపగలదు. కాబట్టి స్మియర్, వీలైతే పీసీఆర్ చేయించాలి. బబీసియా దొరికితే దాని మందే ముందు. కానీ ఏమీ తేల్చకుండా ప్రతి తెల్లబడ్డ కుక్కకూ డాక్సీసైక్లిన్ రాసి వారం తర్వాత రమ్మనడం కూడా టానిక్ సీసా లాంటిదే. గోమార్లు తెచ్చే మరో జబ్బు ఎహర్లీషియాకు డాక్సీసైక్లిన్ మంచి మందు, గిబ్సొనైకి అదొక్కటే చాలదు, పగబట్టిన నిరోధక వ్యవస్థను అది ఆపలేదు. పరీక్ష ఫలితం రావడానికి రోజులు పట్టేటట్టుంటే, కణాలు గుంపులు కడుతూ కుక్క కూలిపోతుంటే, డాక్సీసైక్లిన్‌తో పాటే స్టెరాయిడ్ మొదలుపెట్టడం డాక్టరు చేయదగిన నిర్ణయం.

"రక్తం ఎక్కించినా అదీ పగిలిపోతుంది, దండగ" అనే మాటా వింటుంటాం. కొంత పగులుతుంది, నిజమే. కానీ ఎముక మజ్జ కొత్త కణాలు పంపడానికి మూడు నుంచి ఐదు రోజులు, మందులు పట్టు బిగించడానికి దాదాపు వారం కావాలి. ఎక్కించిన రక్తం ఆ గడువును కొనిస్తుంది. మద్రాసు పశువైద్య కళాశాలలో జంతువుల రక్తనిధి ఉంది. ఇక్కడ చాలాసార్లు తెలిసినవాళ్ల లాబ్రడారే దిక్కు.

చికిత్స అందినా అన్నీ బతకవు. బతికిన వాటిలో కొన్నిటిని మళ్లీ మనమే ముంచుతాం. నెలకు కుక్క గంతులేస్తుంటే "ఇంకా స్టెరాయిడ్ ఎందుకు" అని మాత్ర ఆపేస్తాం. రక్తం నిలకడగా ఉందని పరీక్షలో చూసుకుంటూ, రెండు మూడు వారాలకోసారి పావువంతు చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. నాలుగైదు నెలలు సులభంగా పడుతుంది. ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, అడ్రినల్ గ్రంథి పని మరిచి కుక్క కుప్పకూలనూ వచ్చు.

హన్మకొండలో, కాజీపేటలో, వరంగల్‌లో పాతిక కిలోలు దాటిన, టీకాలు సరిగా వేయించిన, గోమార్లు లేని కుక్కలు పెంచుకుంటున్న వాళ్లకొక విన్నపం. అలాంటి కుక్క ఒకసారి 450 మిల్లీలీటర్ల దాకా రక్తం ఇవ్వగలదు. మీ కుక్క పేరు, మీ ఫోన్ నంబరు మీ పశువైద్యుడి దగ్గర ఈ వారమే రాయించి పెట్టండి.