బ్యాంకోళ్లు మోడం సూస్తే మనకు అప్పు పుడతాదా?

ఆత్మకూరులో పంట అప్పుకు పోతే బ్యాంకోళ్లు ఏమడుగుతారు? పాసుపుస్తకం, వన్ బి, అడంగల్, ఆధారు, పాత బాకీ ఏమన్నా ఉండాదా అని. ఎకరాకు ఎంతియ్యాలో పంటపంటకూ జిల్లా కమిటీ ముందే లెక్క కట్టి పెట్టింటాది. నల్లమల పక్కన మన చేన్లల్లో వాన ఎన్నేండ్లకోసారి ఎగ్గొడతాదని అడిగేటోళ్లు తక్కువ.

ఇప్పుడు అదీ అడిగే కాలం వస్తాంది. మీరిచ్చిన అప్పులకు వాతావరణ మార్పుతో ఎంత ముప్పుందో లెక్కేసి బయటపెట్టండని రిజర్వు బ్యాంకు 2024 ఫిబ్రవరి 28న ముసాయిదా పెట్టింది. ముప్పు రెండు రకాలు. ఒకటి, కరువో వరదో వచ్చి అప్పు తీసుకున్నోని పంట, ఇల్లు, ఫ్యాక్టరీ పోవడం. రెండు, దేశం సోలారుకు మారితే బొగ్గును నమ్ముకున్న కంపెనీలు దెబ్బతినడం.

లెక్కెయ్యడం తప్పు కాదు. 2009 మతికి తెచ్చుకోండి. ముంగారు ఎండబెట్టింది, అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలును ముంచింది. ఒకే ఏట్లో కరువూ వరదా. అట్లాంటేడు రైతు పంటతో పాటు బ్యాంకు అప్పూ మునుగుతాది.

భయమల్లా ఆ లెక్కను దేనికి వాడతారనే. రేపు కంప్యూటర్లో మన మండలం ఎర్రగా కనపడితే? పెద్ద కంపెనీనైతే కూర్చోబెట్టి మాట్లాడతారు. మూడెకరాలోన్ని 'రేపు రాపో' అంటారు. బ్యాంకు పుస్తకంలో ముప్పు తగ్గుతాది, మనింట్లో పెరుగుతాది. 3 లక్షల దాకా పంట అప్పు గడువులో కడితే ఏటికి 4 శాతం వడ్డీ. బయట నూటికి మూడు రూపాయలంటే ఏటికి 36. పొగ ఇడిసేది ఒకరు, వడ్డీ కట్టేది ఇంకొకరు.

ఇంకో తిరకాసుంది. ఆ ముసాయిదాలో గ్రామీణ బ్యాంకులను పక్కన పెట్టినారు. 2025 మే 1న మన రాష్ట్రంలోని నాలుగూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయినాయి. అంటే వానను నమ్ముకున్న పల్లెకు అప్పిచ్చే బ్యాంకుకే ఈ లెక్క లేదు.

మనం అడగాల్సింది ఒకటే. ముప్పు కొలవండి, వద్దనం. కొలిచి తలుపు మూయొద్దు, గడువు పెంచండి, డ్రిప్పుకు అప్పియ్యండి. దారి కొత్తదేం కాదు. విపత్తు ప్రకటించిన చోట పంట 33 శాతం పోతే అప్పు గడువు రెండేండ్ల దాకా, 50 శాతం పోతే ఐదేండ్ల దాకా పొడిగించొచ్చని రిజర్వు బ్యాంకు 2018 ఆదేశాల్లోనే ఉండింది. అప్పు ఇయ్యకపోతే ఎందుకియ్యలేదో రాసియ్యాలని కూడా దాని నిబంధనే.

ఈసారి నాయనతో పాటు మీరూ బ్యాంకుకు పోండి. లేదంటే ఆ కారణం కాయితం మీద రాయించుకోని రండి.