తెడ్డు వేయు విద్య

గోదావరి చెంతనే పుట్టి పెరిగియు, ఆ నీటిని దూరమునుండి చూచుటయే తప్ప దానితో పరిచయము లేని బాలబాలికలు మన నస్పూరు ప్రాంతమున ననేకులు గలరు. తల్లిదండ్రుల భయము నిష్కారణమైనది కాదు. వర్షకాలమున ఎగువనున్న శ్రీపాద ఎల్లంపల్లి జలాశయపు గేట్లెత్తినచో నది చూచుచుండగనే పెరుగును. వేసవిలో ప్రశాంతముగ గన్పట్టు మడుగుల లోతు పైకి తెలియదు. అయినను భయమొక్కటే బిడ్డలకు రక్షణ కాజాలదని మా యభిప్రాయము. ఈతయు, పిదప పడవ నడుపుటయు క్రమముగ నేర్చినవానికే నీటియెడల నిజమైన గౌరవము కలుగును. అందుచేత కయాక్ అను పందెపు పడవను గూర్చియు, దాని తెడ్డు వేయు తీరును గూర్చియు మాకు తోచిన నాలుగు మాటలు ఇచట విన్నవించుచున్నాము.

కయాక్ ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జాతివారు వేటకు వాడిన పడవ. నడుపువాడు ముందువైపు ముఖము పెట్టి, కాళ్లు చాచి కూర్చుండి, రెండు కొనలయందును రెక్కలుగల తెడ్డును కుడియెడమల మార్చి మార్చి వేయును. ఈ పందెములు 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో ప్రవేశించినవి. 2021లో టోక్యోలో హంగరీ దేశీయుడగు బాలింట్ కోపాస్ ఒంటరి కయాక్‌పై 1000 మీటర్లను 3 నిమిషముల 20 సెకండ్లకు కొంచె మధికముగ దాటి స్వర్ణపతకము నొందెను. అనగా సెకండునకు సుమారు 5 మీటర్లు! మన దేశమువారును వెనుకబడి లేరు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 2023లో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ అను యువకులు ఇరువురు నడుపు కనూ పడవపై 1000 మీటర్ల పందెమున కాంస్యము గెల్చిరి. ఆ యేటనే అచటనే జరిగిన ఆసియా పారా క్రీడలలో, కాళ్లలో బలము చాలని ప్రాచీ యాదవ్ కయాక్ పందెమున స్వర్ణము గెల్చెను.

ఇంతటి వేగమును విన్న బాలురు వెంటనే చేయు పొరపాటొకటి గలదు. వేగమనగా చేతులను త్వరత్వరగ ఆడించుటయేయని తలంతురు. నీరు చిమ్మును, భుజములు నొచ్చును, పడవ అటునిటు ఊగును. ముందునకు మాత్రము సాగదు. మన యూరి గనులలో పారతో బొగ్గెత్తిన పెద్దలనడిగి చూడుడు. కేవలము చేతులతో ఎత్తినవాడు గడియలో అలసిపోవును. కాళ్లు ఊది, నడుము త్రిప్పి ఎత్తినవాడు పూట యంతయు పని చేయును. తెడ్డు విషయమునను ధర్మమిదియే.

ఆ తీరు వివరించెదము. మొదట వెన్ను నిటారుగ నిలిపి, నడుమునుండి కొంచెము ముందునకు వంగి కూర్చుండవలయును. తెడ్డును తలపై నుంచుకొన్నప్పుడు మోచేతులు లంబకోణమున నుండునట్లు పట్టు దూరము చూచుకొనవలయును, పిడికిలి బిగింపరాదు. పిమ్మట మొండెమును త్రిప్పి, ఆ వైపు భుజమును ముందునకు చాచి, పాదముల దగ్గర రెక్కను నీటిలో నిశ్శబ్దముగ పూర్తిగ ముంచవలయును. మునుగకముందే లాగుట పెద్ద దోషము. రెక్క మునిగిన వెంటనే ఆ వైపు కాలితో పాదపీఠమును నెట్టుచు, మొండెమును వెనుకకు త్రిప్పవలయును. చేయి కొక్కెము వంటిది మాత్రమే. లాగునది నడుమును కాళ్లును. ఇచట బాలురు మనస్సున నుంచుకొనవలసిన దేమనగా, తెడ్డు నీటిని వెనుకకు లాగుట కాదు. నీటిలో నాటిన తెడ్డు వద్దకు పడవనే లాగికొనుచున్నామని భావింపవలయును. రెక్క తుంటికి సమీపించగనే పైకి తీయవలయును. అంతకు వెనుకకు పోనిచ్చినచో అది నీటిని పైకెత్తి, పడవ తోకను క్రిందికి త్రొక్కును.

1980 ప్రాంతమున స్వీడన్ దేశమున పక్షిరెక్కవలె వంపుగల తెడ్డు పుట్టెను. దానిని పడవనుండి కొంచెము వెలుపలికి పోనిచ్చినచో నీటిలో జారక పట్టు నిలుచును. ఇప్పుడు పందెగాండ్రందరు దానినే వాడుచున్నారు. కాని మొండెము త్రిప్పనేరని వానికి ఎట్టి తెడ్డిచ్చినను ప్రయోజన మేమి?

కాబట్టి మా సూచన యొకటి. క్రొత్తగా నేర్చువారికి మొదటి సంవత్సరము పందెములు పెట్టరాదు. నిశ్చలజలమున 100 మీటర్లకు గుర్తులు నాటి, ఒకే కాలములో ఎన్ని తెడ్లతో దాటెనో లెక్కించి, తక్కువ తెడ్లు వేసినవానికే బహుమాన మీయవలయును. 'గొప్ప పందెగాండ్రు నిమిషమునకు నూరింటికి పైగా తెడ్లు వేయుదురు గదా!' యని కొంద రనవచ్చును. నిజమే. కాని వారు ప్రతి తెడ్డును నిండుగ వేయుట నేర్చిన పిదపనే సంఖ్య పెంచిరి. అక్షరములు కుదిరిన పిదప గదా వేగముగ వ్రాయుట! కుదురని చేతిని తొందరపెట్టినచో మిగులునది గిలుకుడే.

బహుమానమునకై తొందరించు బాలుడు తప్పు తీరునే అభ్యసించును. ఒకసారి ఒంటికి పట్టిన తప్పును మాన్పుట క్రొత్తగ నేర్చుటకంటె కష్టము. గోదావరిపై నాటుపడవ నడుపు మన బెస్తవారిని గమనింపుడు. వారు తొందరపడరు, ఒక్క తెడ్డైనను వృథా పోనీయరు. ఆ నిదానమే తొలిపాఠము.

తల్లిదండ్రులకొక మనవి. ఈత రానిదే పడవ యెక్కనీయకుడు. ఈత వచ్చినను రక్షణకవచము లేనిదే నీటిపైకి పంపకుడు. పారు నదిలో కాక, పెద్దల సమక్షమున నిలకడగల చెరువులోనే, వెడల్పైన పడవతో ఆరంభింపజేయుడు. ఈ నియమములు పాటింపబడినచోట మాత్రము బిడ్డల నాపకుడు.

విద్యార్థులారా! ప్రక్కవాని పడవను చూచుచు తెడ్డు వేసినవాడు తన దారి తప్పును. మీ ముందరి నీటిని చూచి, ఒక్కొక్క తెడ్డును నిండుగ వేయుడు. వేగము తనంత తానే వచ్చును.