తూటా డొప్పలు ఏరండి, నింపడానికి మాత్రం కాదు

పోయిన వీడియోలో చెనక్కాయ చేను గట్టున నేను ఏరి డబ్బాలో వేసిన ఎర్ర గొట్టాలేంటని చాలామంది అడిగారు. అవి 12 బోరు తుపాకీ తూటాల డొప్పలు. మా సోమల పక్క అడవిపందుల బాధ మీకు చెప్పక్కర్లేదు. పక్క చేను పెద్దాయనకు లైసెన్సు తుపాకీ ఉంది, రాత్రిళ్లు మంచె మీది నుంచి బెదిరించడానికి గాల్లోకి కాలుస్తాడు. (ఎలక్షన్లొస్తే తుపాకీ స్టేషన్లో పెట్టాలి. పందులకు ఆ కోడ్ లేదు మరి!)

ఒక తమ్ముడు అమెరికా వీడియో పంపి, "అన్నా, అక్కడ ఇవే ఏరుకుని మళ్లీ నింపుకుంటారంట, మనం చేస్తే ఖర్చు తగ్గదా" అన్నాడు. వద్దు తమ్ముడూ. లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. తుపాకీకి లైసెన్సు ఉండటం వేరు, తూటా తయారీకి ఉండటం వేరు. పైగా మందు కొంచెం ఎక్కువైతే గొట్టం చేతిలోనే పగులుతుంది.

ఏరేముందు ఒకటి చూసుకోండి. కాలిన డొప్ప మూతి విచ్చుకుని, లోపల నల్లగా ఉంటుంది. అడుగున ఇత్తడి బిళ్ల మధ్యలో సూది గుచ్చిన గుంట కనిపిస్తుంది. గుంట ఉండి మూతి మూసుకునే ఉంటే అది పేలని తూటా. ముట్టుకోవద్దు, తుపాకీ ఆసామిని పిలవండి. పిల్లలకు ఇది ముందే చెప్పండి, రంగు చూసి జేబులో వేసుకుంటారు.

మరి నేనెందుకు ఏరుతున్నాను? పోయినేడు మా నాటుకోళ్లు మూడు ఆకుపచ్చగా పారి, రెక్కలు వాల్చి చచ్చిపోయాయి. కొక్కెర తెగులే అనుకున్నా. ఒకదాని కందనకాయ కోసి చూస్తే గులకరాళ్లతో పాటు అరిగిపోయిన సీసం గుండ్లు! కోడికి రాయేదో సీసమేదో ఏం తెలుసు. జీవామృతం పోస్తే ఆకు కుళ్లుతుంది, సీసం కుళ్లదు. అమెరికా నుంచి నేర్చుకోవాలంటే ఇది నేర్చుకోండి: నీటిపక్షుల వేటలో అక్కడ 1991లోనే సీసం గుండ్లు నిషేధించారు.

నిజం చెప్పాలంటే డొప్పలు ఏరితే పని సగం కూడా అవ్వదు. అవి కాల్చినోడి కాళ్ల దగ్గరే పడతాయి, గుండ్లు ఎక్కడో దూరంగా చేలో రాలతాయి. వాటిని ఎవరూ ఏరలేరు. కానీ డొప్పలు ఎక్కడున్నాయో చూస్తే ఏ దిక్కుకు కాల్చారో తెలుస్తుంది. నేను ఆ దిక్కు కోళ్లను వదలడం మానేశా. పెద్దాయనతో కూడా మాట్లాడా, ఇప్పుడు మడి వైపు కాకుండా గుట్ట వైపు తిరిగి కాలుస్తున్నాడు. డబ్బా నిండగానే డొప్పలన్నీ ఆయనకే ఇచ్చేస్తా. లైసెన్సు లేని నా ఇంట్లో అవెందుకు?